కుట్టేసిన చివరి పేజీలు

అత్తగారికి చూపు ఆనదు కాబట్టి డిటెక్టివ్ నవలలన్నీ కోడలే పైకి చదివి వినిపించాలి. అంతవరకూ బాగానే ఉంది. సగం పుస్తకమైనా కాకముందే ఆవిడ హంతకుడెవరో చెప్పేస్తుంది, అదీ ప్రతిసారీ. కోడలికి ఒళ్ళు మండిపోయేది. చివరి పేజీలు ముందే మామగారు చాటుగా చదివి పెడుతున్నారని ఆమె అనుమానం.

ఈసారి కొత్త నవల రాగానే, టైలరమ్మ కదా, చివరి పేజీలన్నీ కలిపి సూదీదారంతో కుట్టిపారేసింది. "తడిమి చూసుకోండత్తయ్యా. ఇక మీ ఆటలు సాగవు."

ఆవిడ తడిమి చూసి నవ్వింది.

చదవడం మొదలైంది. బంగళాలో శవం, తలుపుకి లోపల గడియ, మెట్ల మీద తడి బూట్ల గుర్తులు. టీ చల్లారిపోయిన సంగతి ఇద్దరికీ తెలీదు. కథలోకి డాక్టరు వచ్చి శవం నాడి చూశాడో లేదో, అత్తగారు చెయ్యెత్తింది.

"ఆగవే. వీడే చంపాడు."

కోడలు గబగబా చివరికి తిప్పింది. ఒక్క కుట్టూ ఊడలేదు. "ఎలా కనిపెట్టారు? చెప్పకపోతే నాకు అన్నం సయించదు."

"తోటమాలి మాటలూ వంటవాడి మాటలూ గడగడా చదివేశావు. డాక్టరు రాగానే నీ గొంతులో తేనె కారింది. హంతకుణ్ణి వెనకేసుకురావడం నీకెప్పుడూ అలవాటే." ఆవిడ చల్లటి టీ అందుకుంది. "అయినా ఆ పేజీలు కుట్టడం కాదే, కుట్టకముందు నువ్వు చదవకుండా ఉండాల్సింది."