నాలుగో కుర్చీ

ఆ కుర్చీలు శివపార్వతికి తడిగుడ్డతో పరిచయం. ఏ చేతికి ఎక్కడ పేడు లేచిందో, మిరపకాయల రోజుల్లో ఏ అల్లిక సందులో ఘాటు దుమ్ము దాక్కుంటుందో కళ్ళు మూసుకునైనా చెప్పగలదు. అలవాటుకొద్దీ కొంగుతో తుడవబోతే, పాతదనం పోతుందని శిల్పి అలేఖ్య ఆపింది.

గుంటూరు పార్కులో శివపార్వతి భర్త, కవి గురునాథం జ్ఞాపకార్థం శిల్పం లేస్తోంది. వాళ్ళింటి భోజనాల బల్లను నిలువుగా నిలబెట్టి, నాలుగు టేకు కుర్చీలూ దాని చుట్టూ గాల్లోకి ఎగురుతున్నట్టు ఇనప కడ్డీలకు బిగిస్తున్నారు. రేపే ఆవిష్కరణ. ఆయన పేరు తెలిసినవాళ్ళందరికీ ఒక కవిత తెలుసు. రాత్రి రాసింది పొద్దున్నే ఎదుటి కుర్చీలో కూర్చున్న భార్యకు వినిపిస్తాడనీ, ఆమె కళ్ళు తడిస్తేనే అది కవిత అవుతుందనీ అందులో ఉంటుంది.

ఆ ఎదుటి కుర్చీ ఒక్కటే ఇంకా కింద గోనెపట్టా మీద ఉంది. మిగతా మూడింటి పేము అల్లిక కుంగిపోయింది, చేతుల మీద పాలిషు అరిగిపోయింది. ఇది మాత్రం షాపులోంచి తెచ్చిన రోజులాగే బిగువుగా ఉంది. అలేఖ్య దాని చేతుల్ని ఉప్పుకాగితంతో రుద్దుతోంది.

ఎందుకమ్మా అని అడిగింది శివపార్వతి.

"మీ కుర్చీ కదండీ, ఇన్నేళ్ళు కూర్చున్నట్టు కనపడాలి. మీరేమో కొత్తదానిలా దాచుకున్నారు."

శివపార్వతి నవ్వబోయింది, నవ్వు రాలేదు. కొత్త కాపురంలో ఒక్కసారి ఆ కుర్చీ ముందుకు లాక్కుంది. బల్ల దగ్గర ఆయనా, ఇద్దరు స్నేహితులూ ఉన్నారు. "నువ్వూ కూర్చుంటే వడ్డించేదెవరు, పార్వతీ?" అన్నాడాయన, ఎంతో ముద్దుగా. స్నేహితులు నవ్వారు. తనూ నవ్వి గరిటె అందుకుంది. తర్వాత ఆ కుర్చీ ఆయన సంచి తగిలించుకోవడానికి పనికొచ్చింది. సొంత చేలో మిరపకాయ ఇంటికొచ్చే రోజుల్లో, తొడిమలు తీసి మండుతున్న చేతుల్తోనే అందరికీ వడ్డించింది. అందరూ లేచాక వంటింట్లో గోడకానుకుని చల్లారిన చారు కలుపుకుంది. ఆయన చదివేది తిరగమోత చప్పుడులో సగం సగం వినపడేది. ఆ కవిత అచ్చయిన రోజు మాత్రం ఆమె నిజంగానే ఏడ్చింది. ఆయన అది మెచ్చుకోలనుకున్నాడు.

"రుద్దకమ్మా. అందులో ఎవరూ కూర్చోలేదు."

పక్కన ఫోనులో ఉన్న కొడుకు చైతన్యకృష్ణ తలెత్తాడు. "అదేంటమ్మా, నువ్వు కూర్చునేదానివిగా. నాన్న రాశారుగా."

శివపార్వతి వాడి ముఖంలోకి చూసింది. ఆ పక్క కుర్చీలోనే అన్నం తిని పెరిగాడు. వాడి ప్రతి ముద్దకీ తను పక్కన నిలబడే ఉంది. వాడు అబద్ధమాడటం లేదు. వాడికి నిజంగా ఆ కవితే గుర్తుంది.

అలేఖ్య చేయి ఆగింది. కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కుర్చీని ఆమె వైపు జరిపింది. "పోనీ ఇప్పుడొక్కసారి కూర్చోండి ఆంటీ. ఫోటో తీస్తాను, ఏ గొడవా ఉండదు."

పొద్దున్నుంచీ నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. శివపార్వతి కుర్చీ వీపు మీద చేయి వేసింది. వేసి, వెనక్కి నెట్టేసింది.

"ఉన్నదున్నట్టు బిగించెయ్యమ్మా. ఇప్పుడు నేను కూర్చుంటే, ఆయన రాసింది నిజమైపోతుంది."