బొంత ఇచ్చిపోదామని

నేను ఒక బొంతను. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, అంచులు మడిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే నేనయ్యాను. నాలాంటిది ఏ దుకాణంలోనూ దొరకదు. నన్ను కుట్టినావిడ పేరు పైడమ్మ. అందుకే నాలో దారం కంటే భయం ఎక్కువ.

మా ఊరు కొండల దిగువన ఉన్న లారీల ఊరు. పేరు చెప్పను. చెబితే ఆ ఊరి ఆసుపత్రి, అందులో వసారా చివర ఉన్న సుఖవ్యాధుల పరీక్ష గది, ఆ గదికి వెళ్ళివచ్చిన మగవాళ్ళ ఇంటిపేర్లు, అన్నీ ఎవరో ఒకరు తవ్వి తీస్తారు. మనుషులు ఈ పనిలో చూపించే శ్రద్ధ మరే పనిలోనూ నేను చూడలేదు.

పైడమ్మ ఆ ఆసుపత్రిలో ఆయా. ఆ వసారాలోనే స్టూలు వేసుకుని కూర్చుంటుంది. మొదటి ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోవాడు పుట్టగానే చేటలో పడుకోబెట్టి, పక్కింటామెకు ఇచ్చి, బదులుగా దోసెడు తవుడు పుచ్చుకుని, మళ్ళీ ఆ తవుడే ఇచ్చి వాణ్ణి కొని తెచ్చుకుంది. తవుడుకు అమ్ముడుపోయిన బిడ్డ మీద చావుకు కూడా మోజుండదని మా వైపు నమ్మకం. అలా వాడు తవిటేసు అయ్యాడు. వాడు బతికాడు గాని, ఆవిడ భయం చావలేదు. వాడు దగ్గితే క్షయ అనుకుంది, ఆలస్యంగా వస్తే కాలవలో పడ్డాడనుకుంది. భర్త పోయాక ఆ భయాలన్నీ పోగై కొడుకు ఒక్కడి మీదే వాలాయి.

వాడు లారీ డ్రైవరైన ఏడాది నన్ను కుట్టడం మొదలుపెట్టింది. వాడిని కన్నప్పుడు కట్టుకున్న పసుపు చీర నడిమధ్య పొరలో పెట్టింది. సూది దించుతూ ఘాటీ రోడ్డు గురించి, మంచు గురించి, బ్రేకుల గురించి జాగ్రత్తలు చెప్పేది. మధ్యలో ఆసుపత్రి కబుర్లు వచ్చేవి.

"ఇయ్యాల మల్లీ ఒకడొచ్చాడురా ఆ గదికి. మంచి ఇంటోడే. తలొంచుకుని దొంగలాగ దూరాడు. ఏ బురద తొక్కొచ్చాడో మరి. అలాటి కొడుకుని కన్న తల్లి నలుగుర్లో ఏ మొకం ఎట్టుకుని తిరగతాదో."

"నీకెందుకే అమ్మా, కూరెయ్యి," అని నవ్వాడు తవిటేసు. అప్పటికి వాడికి నవ్వే వీలుంది. ఆవిడ కూర వేసి మళ్ళీ సూది అందుకుంది. ఆ మాట కూడా నాలోకి కుట్టుపడింది.

తరవాత నా బతుకంతా డ్రైవరు సీటు వెనక. డీజిల్ వాసన, చెమట, ఒకే పాట మళ్ళీ మళ్ళీ. ఇంటికి దూరంగా రోజుల తరబడి తిరిగే మనిషి ఎక్కడ ఏం చేశాడో చెప్పడం బొంతకు తగదు. తోవలో ఒక ఊళ్ళో ఒకామె ఉండేదని మాత్రం చెబుతాను. ఆమె నన్నెప్పుడూ అసహ్యించుకోలేదు. ఒకసారి నా మూల చిరిగితే పెద్ద పెద్ద కుట్లు వేసి బాగుచేసింది కూడా.

ఇంటికొచ్చాక పైడమ్మ ఆ మూల పట్టుకుని అడిగింది. "ఇదెవులు కుట్టారు?"

"దర్జీ."

"ఏ దర్జీరా, ఇంత ఎడం ఎడంగా? ఆడికి సూది పట్టుకోడం రాదేటి?" అని ఆ కుట్లు విప్పేసి మళ్ళీ తన కుట్లు వేసింది.

అది ఆవిడ అలవాటు. కొడుకు గుమ్మంలో అడుగు పెట్టగానే మొదట వాడి భుజం మీంచి నన్ను లాక్కునేది. అంగుళం అంగుళం తడిమి, చిరుగులు చూసి, కుంకుడు రసంలో నానబెట్టి బండ మీద బాదేది. ఎక్కడెక్కడి దుమ్ములోని దిష్టో నాతోపాటు ఇంటికొస్తుందని ఆవిడ అనుమానం. నాలో ఒక ముల్లు గుచ్చుకున్నా ఆవిడ వేళ్ళకు తెలియకుండా ఉండదు.

రహదారి మీద లారీలు ఆగే చోట ఒక రేకుల షెడ్డుండేది. ఎవరో సేవాసంస్థవాళ్ళు అక్కడ డ్రైవర్లకు నిరోధ్ పొట్లాలు ఉచితంగా ఇచ్చేవారు. వారానికోసారి డాక్టరు కూడా వచ్చేవాడు. తవిటేసుతో బండి మార్చి మార్చి నడిపే పెద్ద డ్రైవరు పేరు గురువులు, వరసకు వాడికి మావ. నోరు ఊరుకోని మనిషి.

"తీసుకోరా, సిగ్గెందుకు? ఇంటికట్టుకెల్తే మీ యమ్మ బుడగలనుకుని పండక్కి గుమ్మానికి కడతాది," అన్నాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళంతా నవ్వారు.

వాడు తీసుకున్నాడు. నా అంచు మడతలో దాచాడు కూడా. కాని ఊరు దగ్గరపడేసరికి పైడమ్మ వేళ్ళు గుర్తొచ్చేవి. ఊరి పొలిమేరలో కల్వర్టు దగ్గర బండి ఆపి, నన్ను దులిపి, ఉన్నవన్నీ కాలవలోకి విసిరేసేవాడు. శుభ్రమైన బొంతతో ఇంటికి వెళ్ళేవాడు. అమ్మ ఉతికిన బొంతతో, ఏమీ లేకుండా, మళ్ళీ బయలుదేరేవాడు. షెడ్డు రాకముందే ఆ ఒకామె ఊరు వచ్చేది. ఆ కాలవలో ఎన్ని జాగ్రత్తలు కొట్టుకుపోయాయో నాకే తెలుసు.

ఒకసారి వాడు నా మీద పక్కకు కూడా ఒత్తిగిలలేకపోయాడు. చెప్పుకోలేని చోట పుండు. ఇంటికొచ్చి కాళ్ళు ఎడం చేసి నడుస్తుంటే పైడమ్మ కంటపడింది.

"ఏటైందిరా?"

"వేడి సేసిందే."

ఆ ఒక్క మాటతో ఆవిడ మనసు కుదుటపడింది. అన్నిటికీ చెడే ఊహించే మనిషి, ఇక్కడ మాత్రం ఊహించలేదు. "ఇంజను పక్కన కూకుంటే కాదేటి మరి, సెగంతా ఒంటికెక్కిపోనాది," అని బార్లీ కాచింది, సబ్జా గింజలు నానబెట్టింది, మాడుకు ఆముదం పెట్టింది. కొన్ని వారాలకు పుండు దానంతటదే మాయమైంది. మా అమ్మ చేతి చలవ అని వాడూ అనుకున్నాడు. ఆ జబ్బు తగ్గలేదని, లోపలికి పోయిందని చెప్పే డాక్టరు ఆ రేకుల షెడ్డులోనే కూర్చుని ఉన్నాడు.

గురువులుకు కొంత అర్థమైంది. ఈసారి వెటకారం లేకుండా అడిగాడు. "ఒకసారి ఆ షెడ్డులో సూపించుకో రాదేట్రా?"

"లైన్లో నిలబడినోల్లంతా మనూరోల్లే మావా. నాకన్నా ముందు నా కబురు ఇంటికెల్తాది."

"అయితే మనూరి ఆస్పత్రికే ఎల్లు."

"ఆ గది ముందర మా యమ్మ కూకుంటాది."

గురువులు బీడీ పారేసి బండెక్కాడు. చివరికి తవిటేసు వెళ్ళింది రోడ్డు పక్కన గుర్రం బొమ్మ వేసిన గుడారానికి. రహస్య రోగాలకు రహస్య వైద్యం అని మైకులో ఊరంతా వినిపించేలా అరుస్తున్నారు. నల్లటి మాత్రలు ఇచ్చారు. వాడు అవి మింగి, ఏదో చేశానన్న ధైర్యంతో ఏళ్ళు గడిపాడు.

పైడమ్మ సంబంధాలు తెచ్చింది. పాచిపెంట వైపు పిల్ల, చదువుకున్నది, ఆవిడకు చాలా నచ్చింది. తవిటేసు వద్దన్నాడు. నల్ల మాత్రల ధైర్యం అంతదాకా రాలేదు.

"ఎవుల్నైనా మనసులో ఎట్టుకున్నావేట్రా? సెప్పు, ఏ కులమైనా నాను తిట్టను."

"ఎవులూ నేరే."

"మరేటి?"

"ఊరికే. ఒకల గొంతు కొయ్యడమెందుకు?"

ఆ మాట ఆవిడకు అర్థంకాలేదు. సంపాదన చాలదనుకుంటున్నాడని సరిపెట్టుకుంది. ఆ మధ్యాహ్నం వాడు నన్ను ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు. తల్లికి తెలియకుండా ఏడవడానికి తల్లి చీర కంటే మంచి చోటు దొరకదు. నా నడిమధ్య పొర, ఆ పసుపు చీర, తడిసింది. అవతల ఆవిడ వాడి కోసం చేపలు కడుగుతూ, గొంతు కోయడం గురించి ఎందుకన్నాడా, బండి కింద ఎవరైనా పడ్డారా అని బెంగపెట్టుకుంటోంది.

ఆ తరవాత వాడు చిక్కిపోసాగాడు. జ్వరం వచ్చేది, పోయేది. అప్పుడే వాడి జీవితంలోకెల్లా ధైర్యమైన పని చేశాడు. లోడు దించి, ఇంటికి వెళ్ళకుండా, నన్ను భుజాన వేసుకుని తిన్నగా ఆసుపత్రి మెట్లెక్కాడు. ఆ వేళప్పుడు అమ్మ పైవార్డుకు టీ తీసుకెళ్తుందని ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. వసారా ఖాళీగానే ఉంది. ఆ గది తలుపు తీసే ఉంది. లోపల ఒక మేడమ్ ఏదో రాసుకుంటోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే చాలు.

"తవిటేసూ!"

పైడమ్మ వెనకనుంచి వచ్చింది, చేతిలో ఖాళీ టీ కేనుతో. "ఏట్రా ఇలాగొచ్చావు? ఏటైంది? ఏక్సిడెంటా? మావ బాగున్నాడా?"

వాడు ఆ తలుపును చూశాడు. తల్లిని చూశాడు. తరవాత నన్ను భుజం మీంచి తీసి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"ఏం నేదే. బొంత ఇచ్చిపోదామని వచ్చాను. ఉతకాలి కదా."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. నర్సమ్మలకు, వాచ్‌మన్‌కు, మందులిచ్చే అబ్బాయికి, అందరికీ చెప్పింది. "మావోడు. బండి దిగి ఇంటికైనా ఎల్లకుండా తల్లిని సూద్దామని తిన్నగా ఇక్కడికొచ్చీసినాడు." వాడు మెట్లు దిగిపోతుంటే నేను ఆవిడ ఒళ్ళో ఉన్నాను. ఆవిడ నన్ను నిమురుతూ కూర్చుంది. ఆ ఒక్కరోజుకు నాకు నోరుంటే చాలు అనిపించింది.

వర్షాలు వెళ్ళాక ఘాటీ మలుపులో వాడు స్టీరింగ్ మీద వాలిపోయాడు. గురువులు పక్కనుండబట్టి బండి లోయలో పడలేదు. ఇన్నేళ్ళూ పైడమ్మ భయపడ్డ లోయ అది. అది వాడినేమీ చేయలేదు. పట్నంలో పెద్ద ఆసుపత్రికి చేర్చారు. అక్కడి డాక్టరమ్మ పైడమ్మను పక్కకు పిలిచి, జబ్బు పేరు చెప్పి, మెల్లగా అంది. "ఆ జబ్బు వల్లే క్షయ మెదడుకు ఎక్కిందమ్మా. ముందే పరీక్ష చేయించుకునుంటే రోజూ మాత్ర వేసుకుంటూ అందరిలాగే ఉండేవాడు. పెళ్ళి కూడా చేసుకోవచ్చు. మీ ఊళ్ళోనే చేస్తారు కదా పరీక్ష."

పైడమ్మ మంచం దగ్గరికొచ్చి నన్ను వాడి పాదాలదాకా కప్పింది.

"నాను పనిచేసే ఆస్పత్రేరా అది," అంది. "గోడవతల గది. ఎందుకు రానేదురా నాయినా?"

"వచ్చాను గదే."

"ఎప్పుడ్రా?"

వాడు నన్ను తడిమి చూపించాడు. "బొంత ఇచ్చిపోయాను, ఆ రోజు."

ఆవిడ చేయి నా అంచు మీద బిగుసుకుంది.

"నాను నేని రోజు సూసి రావొచ్చు గదరా."

"నివ్వు నేని రోజేదే?" అన్నాడు వాడు. అందులో నిష్ఠూరం లేదు, కాస్త నవ్వే ఉంది. "నీ స్టూలు ముందునుంచే ఎల్లాలి గదే అమ్మా."

తవుడిచ్చి కొనుక్కున్న ప్రాణం, నా కింద వెచ్చగా ఉండి ఉండి, చల్లబడింది.

పోయినవాడి పక్కబట్టలు పారేయడం ఆచారం. బంధువులు నన్ను కర్రతో ఎత్తి అవతల వేశారు. జబ్బు పేరు వాళ్ళకు అప్పటికే చేరింది. ఒకావిడ తన పక్కనున్నామెతో అంటోంది. "పాపం, అలాటి కొడుకుని కన్నాక ఇంక నలుగుర్లో ఏ మొకం ఎట్టుకుని తిరగతాది." పైడమ్మ విన్నది. ఎక్కడో విన్న మాటలా తలెత్తి చూసింది. లేచి వచ్చి, నన్ను చేతులతోనే తీసుకుని, లోపలికి తీసుకుపోయింది.

మళ్ళీ పనిలో చేరిన రోజు నన్ను చంకన పెట్టుకుని వచ్చింది. కుంకుడు రసంలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మడత పెట్టి తెచ్చింది. వసారాలో ఆ గది ముందు రెండు స్తంభాలకు తాడు కట్టి నన్ను ఆరేసినట్టు వేలాడదీసింది. తన స్టూలును గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

గదిలో మేడమ్ బయటకొచ్చి చూసింది. "ఇదేంటి పైడమ్మా?"

"ఉండనీండమ్మా. ఆ పక్కనుంచి వొచ్చినోల్లు ఈ పక్కకి కనబడరు."

మేడమ్ నన్నొకసారి ముట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను మందమైనదాన్ని. నాలోంచి ఏమీ కనబడదు. కాని పొడవు చాలలేదు. నా కింద జానెడు ఖాళీ. ఒకరోజు ఆ ఖాళీలో ఒక జత నీలం చెప్పులు వచ్చి ఆగాయి. పైడమ్మ అనుకోకుండా తల తిప్పింది. ఆ చెప్పులెవరివో ఆవిడకు తెలుసు. వీధిలో మూడో ఇంటి కుర్రవాడు, మొన్న మొన్నే పెళ్ళి కుదిరినవాడు. ఆవిడ నోటిదాకా వచ్చిన పేరును మింగేసింది. అయినా ఆలస్యమైపోయింది. తిరిగేటప్పుడు స్టూలుకు తగిలిన ఇత్తడి గాజుల చప్పుడు అవతలికి వినబడింది. చెప్పులు వెనక్కి తిరిగి, మెట్లు దిగి, వెళ్ళిపోయాయి.

ఆవిడ కూర్చున్నచోటే కొంగు నోట్లో కుక్కుకుంది.

సాయంత్రం నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. పెట్టెలోంచి తవిటేసు గళ్ళ లుంగీ తీసింది. వాడి వాసన పోతుందని ఇంతవరకు ఉతకనిది. దాన్ని ముఖానికి అదుముకుని కాసేపు ఉంది. తరవాత నీళ్ళలో ముంచింది. ఆరాక పట్టీగా చించి, నా అడుగు అంచుకు దగ్గర దగ్గరగా కుట్టింది. ఇప్పుడు నేను నేలకు తగులుతాను. చేతి గాజులు తీసి గూట్లో పెట్టింది.

ఇప్పుడు నేను తాడు మీదే ఉన్నాను. నా ఇటువైపు ఒక తల్లి గోడను చూస్తూ కూర్చుంటుంది. పాత భయాలన్నీ అలాగే ఉన్నాయి ఆవిడకు. ఎవరి కొడుకు దగ్గినా ఉలిక్కిపడుతుంది, కాని తిరగదు. నా అటువైపు మగవాళ్ళు వచ్చి నిలబడతారు. కొందరు నా అంచు పట్టుకుని ఊపిరి తీసుకుంటారు. కొందరు వెళ్ళిపోతారు. ఆ కుర్రవాడు వచ్చాడో లేదో ఆవిడకు తెలియదు, తెలుసుకోదు. నేనూ చెప్పను.

ఈరోజు ఎవరో చాలాసేపు నిలబడ్డారు. ఇటు పైడమ్మ చేయి వెనక్కి చాచి, చూడకుండానే, నా మధ్యలో ఆ పసుపు పొర ఉన్నచోట ఆనించి ఉంచింది. కాసేపటికి ఆ గది తలుపు తెరుచుకుని, మళ్ళీ మూసుకున్న చప్పుడైంది.

అప్పుడు తీసింది చేయి.