పాల డైరీ

తెల్లారంగనే ఈదమ్మ బర్రె పాలు పిండుకొని, క్యాను చంకన పెట్టుకొని ఆత్మకూరు పాలకేంద్రం ముందు వరుసలో నిలబడేది. ఆ దసరాకు కేంద్రానికి కొత్త బోర్డు పెట్టారు. సూర్యాపేట నుంచి వచ్చిన పెయింటరు పెద్దపెద్ద ఇంగ్లీషు అక్షరాలు రాసిపోయాడు.

బడి పంతులమ్మ రమ్య అది చూసి నవ్వింది. "రెండక్షరాలు తారుమారైనయి. డెయిరీ అంటే పాలకేంద్రం. ఈయన డైరీ అని రాసిండు. అంటే రోజూ జరిగింది రాసుకునే పుస్తకం."

మర్నాటి నుంచి ఎవరు పాలు తెస్తే వాళ్లింట్లో నిన్న జరిగింది నురగ మీద తెలుగులో కనబడసాగింది. జనం చదివేవాళ్లు, "మీ ఇంట్ల పప్పు మాడిందట గదా" అనేవాళ్లు, పాలు పోసి పోయేవాళ్లు.

ఈదమ్మకు చదువు రాదు. "జర నాది సదువు బిడ్డా" అని రమ్యను అడిగేది. రమ్య ఒక్కో అక్షరం మీదుగా వేలు జరుపుతూ చదివేది: 'ఈదమ్మ గట్టు మీద గడ్డి కోసింది. ఈదమ్మకు మోకాలు నొచ్చింది.' ఉగాది నాటికి ఈదమ్మే కూడబలుక్కుని చదవసాగింది. ఆ సంగతి రమ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

ఎండాకాలం మొదట్లో పాలకేంద్రం కార్యదర్శి బిక్షం అందరి ముందు ఆమెను నిలబెట్టాడు. "పరీక్షకు పంపిన నీ సీసాల నీళ్లు తేలినయి. గిది మూడోసారి. ఎల్లుండి నుంచి రాకు."

ఈదమ్మ ఏనాడూ చుక్క నీళ్లు కలిపిన మనిషి కాదు. ఆ బర్రె తప్ప మరో ఆధారమూ లేదు. ఏడుపు దిగమింగుకుని ఇల్లు చేరింది. మర్నాడు మాత్రం అందరికన్నా ముందే వచ్చింది.

బిక్షం తన పాలను ఎవరూ రాకముందే డ్రమ్ములో పోసుకునేవాడు. ఈదమ్మను చూసి కూడా, చదువురానిదే గదా అని మూత తీశాడు. ఈదమ్మ ముందుకు వంగి గొంతెత్తింది.

"బిక్షం... తన పాలల్ల... రెండు చెంబుల నీళ్లు పోసిండు. ఆ పాల పరీక్ష సీసా మీద... ఈదమ్మ పేరు రాసిండు."

అప్పుడే వస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వాళ్లలో వీరమ్మ క్యాను కింద పెట్టి, "మల్లొక్కపారి సదువక్కా" అంది. ఈసారి ఈదమ్మ ఎక్కడా తడబడకుండా చదివింది.

ఆ వారమే సభ్యులంతా కూడి అతన్ని దింపేశారు. కొత్త కార్యదర్శి ఎవరంటే అందరూ ఈదమ్మ వైపే చూశారు. సంతకానికి ఎవరో రిజిస్టరుతో పాటు వేలిముద్ర ఇంకు డబ్బా కూడా తెచ్చి పెట్టారు. ఈదమ్మ ఆ డబ్బాను మోచేత్తో పక్కకు నెట్టి, కలం మూత తీసి, తన పేరు తానే రాసింది.