సోమలింగానికి జ్వరం లేదు

సోమలింగాన్ని తొట్టిలోంచి పైకి లాగినప్పుడు అతని ముఖానికి గుడ్డ మాస్కు అలాగే ఉంది. ప్రాణం మాత్రం లేదు. సూరత్‌లో ఖటోదరా పేటలోని ఒక రంగుల మిల్లు వెనక పెరట్లో, పట్టపగలు పదకొండు గంటలకు, నలుగురు మనుషులు అతన్ని సిమెంటు నేల మీద పడుకోబెట్టారు. ఆ నలుగురిలో అంబదాస్ ఒకడు. చల్లబడుతున్న అరచేతుల్ని రుద్దుతూ "అన్నా, లే అన్నా" అంటూనే ఉన్నాడు. ఇద్దరిదీ సిరిసిల్ల దగ్గర ఒకటే ఊరు. పన్నెండేళ్ళుగా సూరత్‌లో పక్కపక్క గదుల్లో బతుకుతున్నారు.

భూమినీ నీళ్ళనీ కాపాడుకుందామని కొన్ని దేశాలు చేతులు కలిపాయి. ఆ సాయంతో మిల్లులో రంగునీళ్ళను శుభ్రం చేసే యంత్రాలు బిగించారు. గోడకు నీలం భూగోళం బొమ్మ వేశారు, ఫొటోలు దిగారు. తర్వాత కరెంటు దండగని మిల్లు యజమాని సేఠ్ యంత్రాలు ఆపేయించాడు. ఎర్రనీళ్ళు, నల్లనీళ్ళు ఎప్పటిలాగే గోడ కింది గొట్టంలోంచి మిల్లు వెనక ఖాడీ అనే వాగులోకి పోతూనే ఉన్నాయి. 2021 మే నెలలో ఆ దేశాల కమిటీ కరోనా వల్ల రాలేక, వీడియో ఫోనులోనే తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తామంది. దాంతో హడావుడి మొదలైంది. నెలల తరబడి ఆ రంగునీళ్ళ తొట్టి అడుగున కుళ్ళిన మడ్డి ఎత్తడానికి సోమలింగాన్ని దింపారు. నడుముకు తాడు కట్టలేదు. గాలి యంత్రం పెట్టలేదు. దిగిన కాసేపటికే అతను పలకడం మానేశాడు. అంబదాస్ దూకబోతే సూపర్‌వైజర్ వెనకనుంచి పట్టి ఆపాడు.

అరగంటలో మేనేజర్ ఒక కాగితం తెచ్చాడు. సోమలింగానికి రెండు రోజులుగా జ్వరం, దగ్గు ఉన్నాయని అందులో రాసి ఉంది.

"సంతకం చెయ్. లేదంటే పోలీసు కేసవుతుంది, మిల్లు మూసేస్తారు. మీ వాళ్ళందరూ రోడ్డున పడతారు" అన్నాడు హిందీలో.

అంబదాస్‌కు కిందటేడు లాక్‌డౌన్ గుర్తొచ్చింది. అన్నం పొట్లం కోసం పిల్లల్తో లైన్లో నిలబడ్డ నలభై రోజులు గుర్తొచ్చాయి. సంతకం పెట్టాడు.

శవాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి అంబులెన్స్‌లో తీసుకుపోయారు. సోమలింగం భార్య కొమురవ్వ శ్మశానం గేటు దగ్గర నిలబడి "మొఖమన్న సూడనియ్యుండ్రి, జర సూడనియ్యుండ్రి" అని అందరి కాళ్ళమీదా పడింది. ఎవరూ చూడనివ్వలేదు. కరోనా శవమన్నారు. ఇరుగుపొరుగు ఆమె గుమ్మం తొక్కడం మానేశారు. చాటున వండి పెట్టింది అంబదాస్ భార్య ఒక్కతే. అంబదాస్ ఆ గుమ్మంవైపు కన్నెత్తి చూడలేకపోయాడు.

తనిఖీకి ముందురోజు సాయంత్రం షిఫ్టు దిగిన కార్మికులు ఇళ్ళ పైకప్పు మీద కూడారు. తెలుగువాళ్ళు, ఒరియావాళ్ళు, బీహారువాళ్ళు కలిపి నలభై మంది దాకా ఉన్నారు. వాళ్ళను కూడగట్టింది బ్రహ్మచారి. ముప్పై ఏళ్ళుగా రంగుల్లో చేతులు ముంచి గోళ్ళు ఊడిపోయిన మనిషి.

"రేపు ఆ ఫోన్ల నాలుగు దేశాలోళ్ళు సూస్తరు. మనం మాట్లాడాలె" అన్నాడు.

బక్కయ్య దిగ్గున లేచాడు. "ఏం మాట్లాడుతవే? సర్టిఫికెట్ ఆగితే ఆర్డర్లు పోతయ్. మిల్లుకు తాళం పడతది. పోయినేడు మా అమ్మ మందుల్లేక సచ్చింది. మల్ల గదే కావాల్నా?"

"వాళ్ళకు చేపలు బతికితే చాలు, మనమెవలం?" అన్నాడు ఇంకొకడు.

"అట్లనకురా" అన్నాడు బ్రహ్మచారి. "దేశాలన్నీ ఒక్కటై నీళ్ళను కాపాడుతమనుడు మంచి ముచ్చటనే. ఆ ఖాడీల నీళ్ళు మన బోర్లకొస్తున్నయ్, మన పోరగాళ్ళ ఒంటిమీద పుండ్లయితున్నయ్. కాని వాళ్ళ కాగితంల నది ఉన్నది, సముద్రమున్నది. తొట్టిల దిగేటోడు లేడు. వాణ్ని రాయించాలె. ఎవలు రాయిస్తరు, సేఠా?"

అప్పుడు కొమురవ్వ మెట్లెక్కి వచ్చింది. అందరూ వెనక్కి జరిగారు.

"జరగకుండ్రి. నాకేం రోగం లేదు" అంది. "ఆయనకూ లేకుండె. పొద్దుగాల రెండు రొట్టెలు తిని, నవ్వుకుంట పోయిండు. జ్వరముందని రాసిందెవలో చెప్పుండ్రి."

అంబదాస్ లేచి ఆమె ఎదుటికి వచ్చాడు.

"వదినా, సంతకం నాది."

కొమురవ్వ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. చూస్తూ నిలబడింది. ఆ చూపుకంటే చెప్పుదెబ్బలు నయమనిపించింది అంబదాస్‌కు.

"నీ ఒక్క గీతకు నా మనిషి మొఖం నాకు లేకుంట పోయింది" అంది చివరికి. "ఇప్పుడు నువ్వేడ్సినా నాకొద్దు. రేపు వాళ్ళ ముంగట చెప్తవా?"

"చెప్త."

"నువ్వొక్కనివే చెప్తే నిన్నొక్కన్ని నలుపుతరు" అన్నాడు బ్రహ్మచారి. "అందరం నిలవడాలె." బక్కయ్య తల దించుకుని కూర్చున్నాడు. వస్తాననలేదు, రాననీ అనలేదు.

మర్నాడు మేనేజర్ కర్రకు ఫోన్ బిగించుకుని యంత్రాలు చూపిస్తూ నడిచాడు. యంత్రాలు గుర్రుమని తిరుగుతున్నాయి. తెరమీద అయిదారు ముఖాలున్నాయి. వాళ్ళలో ఢాకా నుంచి రుఖ్సానా అనే ఆవిడ హిందీలో అడుగుతూ మిగతావాళ్ళకు ఇంగ్లీషులో చెబుతోంది. తొట్టి దగ్గరికి రాగానే అంబదాస్ ముందుకొచ్చి మాస్కు తీశాడు.

"మేడమ్, ఈ తొట్టిలో మా అన్న సోమలింగం చచ్చిపోయాడు. కరోనాతో కాదు, విషగాలితో. జ్వరమని అబద్ధపు సంతకం పెట్టింది నేనే."

మేనేజర్ ఫోన్ తిప్పబోయాడు. చుట్టూ జనం గోడలా నిలిచారు. కర్రను మొట్టమొదట పట్టుకున్నవాడు బక్కయ్య. అలాగే గోడ వెనక్కి నడిపించి, ఖాడీలోకి నల్లనీళ్ళు కక్కుతున్న గొట్టం చూపించారు.

"ఆపకండి" అంది రుఖ్సానా. "ఢాకా పక్కన మా నారాయణ్‌గంజ్ రంగు మిల్లులోనూ ఇలాగే ముగ్గురు పోయారు. గుండె జబ్బని రాశారు. నేను రికార్డు చేస్తున్నాను. చెప్పండి."

కొమురవ్వ ఫోన్ ముందుకొచ్చింది. భర్త ఫొటో దానికి ఎదురుగా పట్టుకుని నిలబడింది, అంతే. ఇంతలో ఎవరో లైను కోసేశారు.

పోలీసులు వచ్చి, మాస్కుల్లేకుండా గుంపు కట్టారని అంబదాస్‌నీ బ్రహ్మచారినీ పట్టుకుపోయారు. సర్టిఫికెట్ ఆగింది. మిల్లుకు తాళం పడింది. బక్కయ్య భయపడ్డట్టే జరిగింది. రెండు వారాలకు పొయ్యిలు ఆరిపోయాయి. ఆరు కుటుంబాలు సిరిసిల్ల బస్సెక్కాయి. "ఈమె మూలంగనే" అని కొమురవ్వ వినేట్టే అన్నవాళ్ళూ ఉన్నారు.

అంబదాస్, బ్రహ్మచారి బెయిలు మీద వచ్చిన రోజే నారాయణ్‌గంజ్ రంగు కార్మికుల ఉత్తరం ఫోన్లో వచ్చింది. ఈ మిల్లు బట్ట కొనే విదేశీ కంపెనీయే అక్కడి బట్టా కొంటుంది. సూరత్‌లో చనిపోయిన మనిషి కోసం ఒక పూట పని ఆపామని రాశారు. పేరు తప్పుగా, 'సోమలింగ్' అని ఉంది. బెంగాలీ వచ్చిన ఒరియా కార్మికుడు చదువుతుంటే బ్రహ్మచారి గొల్లున ఏడ్చాడు. అతను ఏడవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

ఆ వెంటనే సేఠ్ కబురు పంపాడు. మిల్లు తెరుస్తాడట. కేసు వెనక్కి తీసుకుంటాడట. సోమలింగం మాత్రం కరోనాతో పోయినట్టే ఉండాలట. ఆ మాట మీద అందరూ సంతకాలు పెట్టాలట.

ఆకలితో ఉన్న జనం కొమురవ్వ వైపు చూశారు. ఆమె వాళ్ళను ఖాడీ గట్టుకు తీసుకుపోయింది. మిల్లు ఆగి మూడు వారాలైంది. నీళ్ళు తేటపడి అడుగున రాళ్ళు కనబడుతున్నాయి.

"ఇన్నేండ్లల్ల ఈ నీళ్ళ అడుగు మనమెవలం సూడలే" అందామె. "ఆయన సస్తే, మీరు పస్తులుంటే తేటవడ్డయ్. గిట్ల నాకొద్దు. మిల్లు నడవాలె, నీళ్ళు గిట్లనే ఉండాలె, తొట్టిల దిగినోడు ఇంటికి రావాలె. మీరు సంతకం పెడితే నేనేమన. నేను మాత్రం గేటు కాడ కూసుంట."

వెళ్ళి కూర్చుంది. బక్కయ్య తువ్వాలు పరిచి ఆమె వెనకే కూర్చున్నాడు. తర్వాత ఒరియావాళ్ళు, బీహారువాళ్ళు, ఆడవాళ్ళు వచ్చారు. వరస రోడ్డు మలుపు దాకా సాగింది. అంబదాస్ దాని కొసన కూర్చున్నాడు. కొమురవ్వ అతనితో మాట్లాడలేదు. మాట్లాడుతుందని అతనూ ఆశపడలేదు.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దిగి "లీడర్ ఎవరు?" అని అరిచాడు.

కొమురవ్వ లేచి, ఎవరూ చెయ్యి వెయ్యకముందే వ్యాను ఎక్కింది. వెనకే బక్కయ్య ఎక్కాడు. ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతూనే ఉన్నారు. వ్యాను నిండిపోయినా వరస కొసన ఇంకా మనుషులు మిగిలారు.

"ఇంకో బండి తెప్పించుండ్రి సార్" అన్నాడు అంబదాస్, లేచి నిలబడి. "మేమింకా ఉన్నం."