కండక్టరు కిడ్నీ

తెల్లారి మొదటి బస్సు ఉప్పల్ డిపో గేటు దాటే వేళకు తారామణి మంచం కూడా బయల్దేరేది. చక్రాలకు బ్రేకులు బిగించినా లాభం లేదు. నాచారం ఆసుపత్రి వరండాలో ప్రతి గుమ్మం ముందూ కాసేపు ఆగి, ఎక్కేవాళ్లు ఎక్కారనుకున్నాక మళ్లీ కదిలేది. ఆమెకు కిడ్నీ ఇచ్చింది మొగుడు బుచ్చిరాములు, సికింద్రాబాద్ బస్సులో కండక్టరు. పెళ్లాలు మొగుళ్లకు ఇవ్వడమే చూసిన వార్డులో ఆయన పేరు మారుమోగిపోయింది. ఇచ్చిన పెళ్లాల పేర్లు ఎవరికీ గుర్తులేవనుకోండి.

"ఆయనెన్నడన్న ఒక్కకాడ కూసున్నడా? ఆయన కిడ్నీ కూసుంటదా?" అనేది తారామణి, దుప్పటి మెడదాకా లాక్కుని.

మంచం వెనక మాస్కు పట్టుకుని ఉరకడం నర్సు స్వర్ణలత పని. జనరల్ వార్డులో ఏళ్ల తరబడి నలిగి, కిడ్నీ మార్చినవాళ్లను చూసుకునే ట్రైనింగుకు వచ్చింది. ఇది గట్టెక్కితే ఇక్కడే పోస్టు. నేర్పే అనంతలక్ష్మి మేడమ్‌ది భీమవరం, నోరు కత్తెర.

"ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదని తరిమెయ్యకుండా ఆపేది ఈ మాత్ర. గడియారం చూసి వెయ్యండి. రక్తం తీసే రోజు మాత్రం ముందు రక్తం, తర్వాత మాత్ర. తలకిందులైతే రిపోర్టు అబద్ధం చెబుతుంది. డాక్టరు దాన్నే నమ్ముతాడు."

సోమవారం మంచం ఎక్స్‌రే గది దాకా పోయింది. రక్తం తీసే రామకృష్ణ దాన్ని వార్డంతా వెతుకుతున్నాడు. మాత్ర వేళ దాటిపోతోంది. ఆలస్యమైతే తిట్లు తప్పవని స్వర్ణలత మాత్ర వేసేసింది. తర్వాత రామకృష్ణ రొప్పుతూ వచ్చి సూది గుచ్చాడు. ఆమె నోరు తెరవబోయి మూసుకుంది. సాయంత్రం రిపోర్టు వచ్చింది, రక్తంలో మందు మరీ ఎక్కువని. డాక్టరు మాత్ర సగానికి తగ్గించాడు.

ఆ రోజు నుంచి స్వర్ణలతకు కుదురు లేదు. అన్నం ముద్ద చేతిలోనే ఆరిపోయేది. మళ్లీ రక్తం తీస్తారు కదా, అంతా సర్దుకుంటుందని తనకు తానే చెప్పుకునేది.

గురువారం పొద్దున మంచం కదల్లేదు.

"కిడ్నీ సమ్మెల దిగింది! జై తెలంగాణ!" అని ఆయా రాజ్యం చప్పట్లు కొట్టింది. సకల జనుల సమ్మెకు బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి మరి.

"దీనికి కూడా ఉద్యమమేనా తల్లీ!" అని అనంతలక్ష్మి కూడా నవ్వింది.

స్వర్ణలతకు నవ్వు రాలేదు. బస్సులు ఆగి వారం దాటింది, మంచం నిన్నటిదాకా తిరుగుతూనే ఉంది. వంగి యూరిన్ బ్యాగు ఎత్తింది. బ్యాగు ఖాళీగా, తేలిగ్గా లేచింది.

"జర కడుపుల బరువుగున్నది బిడ్డా," అంది తారామణి.

స్వర్ణలత లేచి నిలబడింది. "మేడమ్, సోమవారం రక్తం తీయకముందే మాత్ర వేసిన. నేనే."

అనంతలక్ష్మి నవ్వు ఆగిపోయింది. "ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావే? నీ పోస్టు కోసం ఆవిడ కిడ్నీని పణంగా పెట్టావా?"

మళ్లీ రక్తం తీశారు. మందు అడుగంటింది. ఇంజెక్షన్లు పడ్డాయి, మాత్ర మళ్లీ నిండు డోసుకు వచ్చింది. యూరిన్ బ్యాగు నిండడం మొదలైన సాయంత్రం అనంతలక్ష్మి తలుపు చూపించింది. "కిడ్నీ దక్కింది. నువ్వు మాత్రం జనరల్ వార్డుకే పో."

ఆ మర్నాడు మంచం మళ్లీ బయల్దేరింది. ఈసారి ఏ గుమ్మం ముందూ ఆగలేదు. వరండా చివర జనరల్ వార్డు తలుపు దాకా పోయి నిలబడిపోయింది. లోపల ఒకటే దగ్గులు.

"వెనక్కి లాగండి! ఆ మాత్రలతో రోగాన్ని ఆపే బలం లేదు, ఒక్క దగ్గు చాలు ఈవిణ్ని చంపడానికి!" అనంతలక్ష్మి పరుగున వచ్చింది. రామకృష్ణ లాగాడు, రాజ్యం నెట్టింది. మంచం ఇసుమంతైనా కదల్లేదు.

"ఎక్కాల్సిన మనిషి ఎక్కంది మా ఆయన రైట్ అనడు మేడమ్," అంది తారామణి, మాస్కులోంచి.

అనంతలక్ష్మి లోపలికి చూసింది. పళ్లు కొరికింది. "ఏయ్ స్వర్ణలతా! చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని తగలడు. నీ మొహం చూసి కాదు, ఆ కిడ్నీ మొహం చూసి పిలుస్తున్నా."

స్వర్ణలత వచ్చి మంచం కమ్మీ పట్టుకుంది. మంచం మలుపు తిరిగింది. వెనక జనరల్ వార్డు ఆయా అరుస్తూనే ఉంది, "గీ బెడ్‌ప్యాన్ ఎవలు తీస్తరే?" అని.