హోరేస్ గ్రిఫ్ నవ్వు

నేను ఒక చెక్కముక్కను. అరచేతిలో ఇమిడిపోతాను కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఒకప్పుడు న్యూయార్క్ నగరమంతా నా మీది ముఖం చూసి పళ్ళు నూరింది. ఇనుమంత గట్టి బాక్స్‌వుడ్ చెట్టులో పుట్టి, ఓడెక్కి, రంపం కింద పడి, నున్నగా తయారై ఒక వారపత్రిక వారి చెక్కుడు గదికి చేరాను. అప్పట్లో పత్రికలో బొమ్మ పడాలంటే మా మీద గీసి, గీతలు మాత్రం మిగిలేలా చుట్టూ తొలిచి, సిరా పూసి అచ్చు వేయాల్సిందే. ఆ చెట్టు మాను సన్నం కాబట్టి పెద్ద బొమ్మకు ఒక ముక్క చాలదు. కొన్ని ముక్కలను మరలతో బిగించి పలకగా చేసేవారు.

కార్టూనిస్టు లిండ్‌నర్ గారు ఆ పలక మీద బొమ్మను తిరగేసి గీసేవారు, అచ్చులో సరిగ్గా పడాలని. ఆ తర్వాత మేస్త్రీ మరలు విప్పి తలా ఒక ముక్క పంచేవాడు. ఒక్కడే చెక్కుతూ కూర్చుంటే పత్రిక వచ్చేసరికి ఎన్నికలు కూడా అయిపోతాయి మరి. ఒకడు కాలు చెక్కితే ఇంకొకడు కుర్చీ చెక్కేవాడు. పక్కవాడి ముక్క మీద ఏముందో చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. మనుషులు చాలా పనులు ఇలాగే చేస్తారని నాకు తర్వాత తెలిసింది.

ఆ వారం నా వంతుకు హోరేస్ గ్రిఫ్ ముఖం వచ్చింది. గ్రిఫ్ నగరంలో ఒక పేటకు నాయకుడు, అక్కడ అతను చెప్పిందే వేదం. బీదలకు పంచమని నగరం ఇచ్చే బొగ్గును అతను దారి మళ్ళించి అమ్ముకుంటున్నాడని లిండ్‌నర్ గారు ఆరా తీసి తెలుసుకున్నారు. ఈ ఎన్నికల్లో అతన్ని దించి తీరాలని ఆయన పంతం. బొమ్మ కింద పేరు వద్దన్నారు. పేటలో సగం మందికి చదువు రాదు, ముఖం చూడగానే గుర్తుపట్టాలి.

నేను ఓవెన్ ఫీనీ అనే చెక్కుడు పనివాడి చేతిలో పడ్డాను. చాలా ఏళ్ళ క్రితం, అతని తండ్రి చనిపోయిన చలికాలంలో, ఈ గ్రిఫే వాళ్ళ గుమ్మం ముందు బండెడు బొగ్గు దింపించాడు. తల్లీకొడుకులు ఆ వేడితోనే బతికి బట్టకట్టారు. ఇప్పుడు ఆ మనిషి, లిండ్‌నర్ గారు గీసిన తోడేలు నోటితో ఎదురుగా ఉన్నాడు. ఓవెన్ ఉలి ఎత్తాడు, మళ్ళీ దించాడు. చెక్కనంటే ఉద్యోగం పోతుంది, చెక్కితే మేలు చేసినవాడికి ద్రోహం. నాకు జాలేసింది. చివరికి పోలిక చెడకుండా పెదవి కొసను కాస్త పైకెత్తాడు, కంటి మూల చిన్న ముడతలు పెట్టాడు. తోడేలు పోయి దయగల నవ్వు వచ్చింది. ఉపకారి పరువు కాపాడానని ఓవెన్ ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు మమ్మల్ని మళ్ళీ బిగించి నమూనా అచ్చు తీశారు. లిండ్‌నర్ గారు దాన్ని రెప్ప వేయకుండా చూశారు.

"ఈ ముఖం చెక్కిందెవరు?"

"నేనేనండి," అన్నాడు ఓవెన్, కోటు అందుకుని వెళ్ళిపోవడానికి సిద్ధపడుతూ.

"నేను తోడేలును గీస్తే నువ్వు నవ్వించావు. నాకీ ఆలోచనే రాలేదోయ్. ఇలాగే ఉండనీ."

ఓవెన్ అర్థంకాక కాగితంలోకి తొంగి చూశాడు. బొమ్మంతా అతను చూడటం అదే మొదలు. నా పక్క ముక్క మీద, వేరే వాడు చెక్కిన గ్రిఫ్ చెయ్యి ఉంది. అది ఒక వితంతువు బుట్టలోంచి బొగ్గు తీసి తన జేబులో నింపుకుంటోంది. పైన ఆ దయగల నవ్వు. తోడేలు నోరైతే జనం భయపడి ఊరుకునేవారేమో, ఈ నవ్వు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

పత్రిక అచ్చయ్యాక ఓవెన్ ఒక ప్రతిని ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడేం జరిగిందో మర్నాడు మేస్త్రీతో చెబుతుంటే విన్నాను. అతని తల్లి హనోరాకు అక్షరం ముక్క రాదు. బొమ్మను కిటికీ వెలుగులో పెట్టుకుని చూసిందట.

"ఆయనేరా. ఆ రోజు బొగ్గు దింపించి ఇట్టాగే నవ్వాడు," అందట. బొగ్గు తీస్తున్న ఆ చేతి మీద వేలు పెట్టి, "అయితే మన బొగ్గే మనకిచ్చాడన్నమాట. ఇన్నేళ్ళూ ఆయన చల్లగుండాలని ప్రార్థన చేశానురా," అందట.

గ్రిఫ్ ఓడిపోయాడు. చెక్కుడు గదిలో సంబరపడనిది ఓవెన్ ఒక్కడే.

తర్వాత పత్రికల్లోకి ఫొటోలు వచ్చి మా పని అయిపోయింది. మా పలక మరలు విప్పేశారు. చెయ్యి ఉన్న ముక్క ఎవరి పొయ్యిలోకో పోయింది. నన్ను మాత్రం ఎవరో ఏరి దాచారు, ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద చీటీ మీద 'గుర్తు తెలియని పెద్దమనిషి' అని రాశారు. మొన్న ఒక అమ్మాయి నా ముందు ఆగి, "ఈయనెవరో గానీ ఎంత మంచివాడిలా ఉన్నాడో చూడమ్మా," అంది తల్లితో.

ఉలి పట్టుకున్నప్పుడు ఓవెన్ కోరుకున్నది సరిగ్గా ఇదే.