మేకపిల్ల గెంతాలి

లక్ష్మీనరసింహానికి పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయి మూడో నెల నడుస్తోంది. మాట తిరిగొచ్చింది. నడక కర్రసాయంతో వచ్చింది. కోపమైతే అసలు పోనే లేదు. ఇక రావలసింది చెయ్యే. శ్రీకూర్మంలో మృదంగం మాస్టారంటే ఆయనే. ఇప్పుడా మృదంగం గుడ్డ కప్పుకుని గోడవారన కూర్చుంది.

వేళ్ళు కదిలిస్తూ ఉండమని డాక్టరు స్పంజి బంతి ఇస్తే, దాన్ని కిటికీలోంచి విసిరేశాడు. అదీ ఎడం చేత్తో. అప్పుడు కూతురు ఆశ్రితకి ఓ ఆలోచన వచ్చింది. నాన్న, అత్త కలిసి చిన్నప్పుడు ఆడిన మేకపిల్ల వీడియో గేము ఇప్పుడు కంప్యూటర్లోనే ఆడుకోవచ్చు. పాత పెట్టె, పాత క్యాసెట్టు అక్కర్లేదు. ఆ పెట్టె చేసే పనంతా ఒక ప్రోగ్రామే చేసేస్తుంది. ల్యాప్‌టాప్‌ని గోడమీది పెద్ద టీవీకి తగిలించి, ఆమదాలవలస నుంచి మేనత్త బాలసరస్వతిని రప్పించింది.

రప్పించక తప్పదు. ఈ అన్నాచెల్లెళ్ళు ఆ ఆటని లోకంలో ఎవరూ ఆడని తీరులో ఆడేవారు. రెండో రిమోట్ తీగని ఎలుక కొరికేస్తే, మిగిలిన ఒక్కదాన్నే ఇద్దరూ పట్టుకునేవారు. ఎడంవైపు బాణాలు అన్నయ్యవి, కుడివైపు గెంతే బొత్తం చెల్లెలిది. అప్పుడప్పుడే మృదంగం నేర్చుకుంటున్న అన్న, మేకపిల్ల పరుగుకి జతులు చెప్పేవాడు. తకధిమి తకఝణు తాం. ఆ ‘తాం’ మీద చెల్లెలు నొక్కాలి, మేకపిల్ల గొయ్యి దాటాలి. చూపు అతనిది, లెక్క అతనిది, బొటనవేలు మాత్రం ఈమెది.

ఆ సాయంత్రం ఇద్దరూ సోఫాలో ఆనుకుని కూర్చున్నారు. ఆయన ‘తాం’ అన్నాడు, ఆమె నొక్కింది, మేకపిల్ల గోతిలో పడింది. నవ్వుకున్నారు. మళ్ళీ పడింది. ఆ తర్వాతా పడింది. నవ్వుతూ మొదలెట్టిన లక్ష్మీనరసింహం మొహం చిన్నబోయింది. వచ్చే ఆదివారం నుంచి పాఠాలు తిరిగి మొదలెడతానని శిష్యులకి మాటిచ్చి ఉన్నాడు. ఇక రావద్దని వాళ్ళకి కబురు పెట్టమన్నాడు.

“సెయ్యి లేకపోతే నోటితో సెప్పుకుందాం అనుకున్నానే బాలా. లయే పోయింది. ఇంకేటి సెప్తాను?”

 బాలసరస్వతి బొటనవేలు ఆ మాట ఒప్పుకోలేదు. అన్న ‘తాం’ పడవలసిన చోటే పడింది. ఆలస్యం మేకపిల్లది. ఆ సంగతే చెబితే, ఓదార్చొద్దని కసిరాడు. ఆశ్రిత మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ ప్రోగ్రాముల్లో, ఈ కొత్త టీవీల్లో నొక్కడానికీ గెంతడానికీ మధ్య కాస్త ఆలస్యం వస్తుందట. తనలాంటివాళ్ళు దాన్ని గమనించను కూడా గమనించరట. టీవీలో ఏవో మార్చి, ఇప్పుడు ఆడి చూడమని బతిమాలింది. జాలిపడి ఆటని తేలిక చేసేశారనుకుని ఆయన రిమోట్ ముట్టుకోలేదు. ఆయన మొండితనం గురించి ఆ ఇంట్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే బాలసరస్వతి ఆమదాలవలస వెళ్ళింది. పాత గేము పెట్టె ఆమె ట్రంకుపెట్టెలోనే ఉంది. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళేటప్పుడు, పట్టుచీరల మధ్య అన్నయ్యే దాచి పంపాడు. పెళ్ళాం చేత ఎన్ని చివాట్లు తిన్నా పారెయ్యకుండా ఆమె భర్త మురళీమోహన్ అటకమీద ఉంచిన పాతకాలం పెట్టె టీవీ కూడా ఉంది. దాన్ని దింపమని ఆమె మెల్లగా అడిగేసరికి ఆయన హడలిపోయాడు. దుప్పటి చుట్టి, ఆటోలో ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని, బాలింతని తీసుకొచ్చినట్టు తీసుకొచ్చారు.

బాలసరస్వతి క్యాసెట్లో గట్టిగా ఊది పెట్టెలోకి దిగ్గొట్టింది. బొమ్మ గీతలు గీతలుగా వచ్చింది. టీవీ నెత్తిన ఒక్కటిచ్చాక కుదురుకుంది. లక్ష్మీనరసింహం అటు తిరిగి కూర్చున్నాడే గాని, ఆటలోని పాట మొదలవగానే మెడ దానంతటదే తిరిగింది. పసుపుబారిన పాత రిమోట్‌లో తన సగం తను పట్టుకున్నాడు.

“తకధిమి తకఝణు తాం.”

మేకపిల్ల దాటింది. తర్వాతి గొయ్యీ దాటింది, ఆ తర్వాతదీ దాటింది. ఆశ్రిత చప్పట్లు కొట్టబోతుంటే ఆయన బాణాల మీంచి వేలు తీసేశాడు.

“నువ్వే సూసుకుని నొక్కేస్తన్నావు. నాకు తెల్దేటి?”

ఆమె ఒట్టేసింది. ఒట్లు తన దగ్గర చెల్లవన్నాడు.

“అయితే కళ్ళు మూసుకో,” అన్నాడు.

ఆమె మూసుకుంది. ఇప్పుడిక బొమ్మ లేదు, గొయ్యి లేదు. అన్నయ్య గొంతొక్కటే ఉంది. స్ట్రోకు వచ్చాక కాస్త ముద్దయిన గొంతు. ‘తాం’ అన్నప్పుడు నొక్కింది. ‘కిచ్’మని గెంతిన చప్పుడు వచ్చింది, పాట ఆగలేదు. మళ్ళీ ‘తాం’, మళ్ళీ ‘కిచ్’. గోతులు దగ్గరపడ్డాయి. జతులు వేగమయ్యాయి, ఎక్కడా తొట్రుపడలేదు. ఆ గొంతు వింటుంటే, పాత ఇంటి గచ్చుమీద ఒకరి మోకాలొకరికి ఆనించి కూర్చున్నట్టే ఉంది ఆమెకి. మూసుకున్న రెప్పల కిందనుంచి నీళ్ళు కారిపోయాయి. ముక్కు ఎగబీల్చింది. ఆ ఎగబీల్పులో బొటనవేలు వెనకబడింది.

మేకపిల్ల గోతిలో పడినప్పుడు వచ్చే ఏడుపుగొట్టు పాట మోగింది.  అయిపోయింది, అంతా తనే పాడుచేసింది అనుకుంది బాలసరస్వతి.

“అది నాది కాదు,” అన్నాడు లక్ష్మీనరసింహం. “నీది. లేటుగా నొక్కావు. మనసెక్కడ పెట్టుకున్నావే?”

చిన్నప్పుడు మొట్టికాయ వేసే ముందు ఉండే గొంతది. తిట్టు తిన్నందుకు ఇంత సంతోషం తనకెప్పుడూ కలగలేదని ఆమెకి తెలుసు. కళ్ళు తెరిస్తే ఆయన తనవైపు కాదు, గోడవారనున్న మృదంగం వైపు చూస్తున్నాడు.

“ఆశ్రితా, ఆదివారం పిల్లల్ని రమ్మని సెప్పు. తాళం ఎవరు తప్పారో నాకింకా వినబడతన్నాది.”

తర్వాత రిమోట్‌ని ఎడం చేత్తో చెల్లెలి వైపు కాస్త జరిపి, ఈసారి కళ్ళు తుడుచుకుని ఆడమన్నాడు.